పాటల క్లాసులో అమ్మకీ ఒక చాప



కిందటి నెలలో ఒకరోజు మా చిన్నది బడి నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, డైరీ తెరిచి నా ముఖం ముందు పెట్టింది. దానిది రెండో తరగతి. డైరీలో ఒక చీటీ అంటించి ఉంది. ప్రతి శనివారం జరిగే సంగీతం క్లాసుకి పిల్లల అమ్మ గానీ నాన్న గానీ రావచ్చు, వచ్చి పిల్లల పక్కనే కూర్చుని వాళ్ళతో పాటు నేర్చుకోవచ్చు అని దాని సారాంశం. మావారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "ఏముందోయ్, వార్షికోత్సవానికి చందా అడగడానికి ఇదో దారి" అన్నారు. మా అత్తగారు, "పిల్లలు చదువుకునే చోట పెద్దవాళ్ళకేం పనే అమ్మాయ్?" అన్నారు. నేను పైకేమీ అనలేదు. లోపల మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎందుకు పడిందో తర్వాత చెబుతాను.

మా చిన్నతనంలో మా అక్కకి ఇంటికొచ్చి పాఠం చెప్పేవారు ఒక మాస్టారు. సాయంత్రం అయిదింటికి ముందుగదిలో చాప వేసేవాళ్ళం. అక్క శ్రుతిపెట్టె ముందు కూర్చునేది. మాస్టారు మాయామాళవగౌళలో సరళీవరసలు మొదలుపెట్టేవారు. మా అమ్మ వంటింట్లో. పప్పు ఎనుపుతూనో, బియ్యంలో రాళ్ళు ఏరుతూనో ఉండేది. ఒక్కరోజైనా ఆ చాప మీద కూర్చుని ఎరగదు. కానీ మాస్టారు వెళ్ళిపోయాక అక్క సాధన చేస్తూ ఉంటే లోపల్నుంచి కేకేసేది: "దైవతం తగ్గింది, మళ్ళీ అను!" అని. ఎవరు నేర్పారమ్మా నీకు అంటే నవ్వేసేది. ఎవరూ నేర్పలేదు, గోడవతల నుంచి విని పట్టేసింది. ఆ గోడకి ఇవతల కూర్చోమని ఆవిడని పిలిచినవాళ్ళు లేరు. పిలవాలని మాకెవరికీ తోచనూ లేదు.

మా చిన్నదాని చీటీ చూడగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. వెంటనే జపాన్‌కు చెందిన ఒక ఫిడేలు మాస్టారూ గుర్తొచ్చారు. మా అమ్మకీ ఆయనకీ ఏమిటి సంబంధం అంటారా? తల్లిని వంటింట్లోంచి పిలిచి, బిడ్డ కంటే ముందు ఆవిడనే చాప మీద కూర్చోబెట్టిన మనిషి ఆయన. పేరు షినిచీ సుజుకీ. ఇవాళ ఆయన కథ చెప్పుకుందాం.

సుజుకీగారు 1898లో నగోయా పట్నంలో పుట్టారు. తండ్రి మసాకిచి సుజుకీగారిది మొదట్లో షామిసెన్ అనే జపాన్ తీగవాయిద్యాలు చేసే వృత్తి. ఆయనే తర్వాత వయొలిన్ చేయడం నేర్చుకుని పెద్ద కార్ఖానా పెట్టారు. ఇంటి నిండా ఫిడేళ్ళే. కానీ చిత్రం చూడండి, ఆ ఇంట్లో పిల్లలకి ఫిడేలంటే ఒక చెక్కబొమ్మ. అన్నదమ్ములకి తగువొస్తే వాటితోనే కొట్టుకునేవారట. మిఠాయి కొట్టువాడి పిల్లలకి మిఠాయి మీద మోజుండదని మనం అనుకోమూ, అలాగన్నమాట. పదిహేడేళ్ళ వయసులో ఒకరోజు గ్రామఫోను మీద మిషా ఎల్మన్ అనే ఆయన వాయించిన రికార్డు విన్నారు. తమ కార్ఖానాలో గుట్టలుగా పడి ఉండే ఈ చెక్కపెట్టెలోంచి ఇలాంటి నాదం వస్తుందా అని నిర్ఘాంతపోయారు. ఒక ఫిడేలు ఇంటికి తెచ్చుకుని, రికార్డు వింటూ, తనకు తానే గీసుకోవడం మొదలుపెట్టారు.

పదిహేడేళ్ళకి మొదలుపెడితే సంగీతం వస్తుందా అని మనవాళ్ళూ అంటారు, వాళ్ళూ అన్నారు. ఆయన మాత్రం 1920ల మొదట్లో జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో కార్ల్ క్లింగ్లర్ అనే విద్వాంసుడి దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. అక్కడే వాల్ట్రౌట్ అనే జర్మను అమ్మాయిని 1928లో పెళ్ళి చేసుకున్నారు. తల్లికి జబ్బు చేసిందని కబురొస్తే భార్యతో జపాన్ తిరిగొచ్చారు. అన్నదమ్ములు నలుగురూ కలిసి ఒక వాద్యబృందం పెట్టుకున్నారు. ఫిడేళ్ళతో కొట్టుకున్న అన్నదమ్ములే!

అసలు కథ ఇక్కడినుంచి. 1930ల మొదట్లో ఒక తండ్రి నాలుగేళ్ళ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, వీడికి ఫిడేలు నేర్పండి అని అడిగాడు. ఆ కుర్రాడు తోషియా ఎతో. పెద్దయ్యాక గొప్ప వయొలిన్ విద్వాంసుడయ్యాడు. కానీ అప్పుడు నాలుగేళ్ళవాడు. అంతటివాడికి ఎలా నేర్పాలో సుజుకీగారికి పాలుపోలేదు. పెద్దవాళ్ళకి నేర్పే పద్ధతి ఒక్కటే తెలుసు. అదే ఆలోచనలో ఉండగా ఒకనాడు ఆయనకి తట్టింది: జపాన్ పిల్లలందరూ జపాన్ భాష మాట్లాడుతున్నారు కదా అని.

ఇదా గొప్ప సంగతి అని నవ్వకండి. ఆయన దగ్గర ఉన్నవాళ్ళకీ మొదట అర్థం కాలేదట. కాస్త ఆలోచించి చూడండి. మన పిల్లలు రెండు మూడేళ్ళకి ఎంత తెలుగు మాట్లాడతారు! శ్రీకాకుళంలో పుట్టిన పిల్లకి శ్రీకాకుళం యాస, అనంతపురం పిల్లకి అనంతపురం యాస, తెలంగాణ పిల్లకి తెలంగాణ నుడి, ఒక్క పొల్లు తప్పకుండా వస్తుంది. దానికి మాస్టారు లేరు, పరీక్ష లేదు. "వీడికి తెలుగు అబ్బదండీ, గొంతులో లేదు" అని ఏ తల్లీ చెప్పగా మనం వినలేదు. తల్లి మాట్లాడుతూ ఉంటుంది, బిడ్డ వింటూ ఉంటుంది. ఎప్పుడో ఒకనాడు "అత్త" అంటుంది. ఇల్లంతా పండగ. మళ్ళీ అనిపిస్తాం, మళ్ళీ ముద్దుపెట్టుకుంటాం. భాష ఇలా వచ్చినప్పుడు సంగీతం మాత్రం ఎందుకు రాదు? ఇదీ ఆయన ప్రశ్న. అందుకే తన పద్ధతికి మాతృభాషా పద్ధతి అని పేరు పెట్టారు. మాతృభాష అన్నాక మరి మాత లేకుండా ఎలా?

ఇంతలో యుద్ధం వచ్చింది. ఫిడేళ్ళ కార్ఖానాలో నీటిమీద దిగే యుద్ధవిమానాలకి తేలుడు చెక్కలు చేయించారు. ఆ కలప కోసం సుజుకీగారు కీసో అనే కొండప్రాంతానికి వెళ్ళి ఉన్నారు. భార్య విదేశీయురాలు కాబట్టి ఆవిడ హకోనేలో విడిగా ఉండవలసి వచ్చింది. కీసోలో తిండికి కటకట. ఆ స్థితిలో యుద్ధం ముగిశాక ఆయనకి ఒక పాత శిష్యుడు గుర్తొచ్చాడు. కోజి తొయోదా. టోక్యోలో మూడు నాలుగేళ్ళ వయసులో తన దగ్గర నేర్చుకున్న పిల్లవాడు. వాడి తల్లీ తండ్రీ పోయారని తెలిసింది గానీ వాడెక్కడున్నాడో తెలియదు. అప్పుడు సుజుకీగారు ఏంచేశారంటే, రేడియోవాళ్ళని అడిగి, కోజి ఎక్కడున్నాడని ప్రకటన వేయించారు. రేడియోలో మాట్లాడే మనిషిని కదా, ఈ ఘట్టం చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. కబురు అందింది. పదీ పదకొండేళ్ళ పిల్లవాడు బంధువుల సారా అంగడిలో పని చేస్తూ దొరికాడు.

పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చుకున్నారు. ఆ ఇంట్లో సుజుకీగారి చెల్లెలు, ఆవిడ పిల్లలు కూడా ఉన్నారు. వీడికి అంగడి అలవాట్లు. పెద్దవాళ్ళు పలకరిస్తే బదులు పలకడు. అన్నం ముందు కూర్చునే తీరు, మాటతీరు అన్నీ మొరటు. మనమైతే ఏంచేస్తాం? రోజుకి పదిసార్లు చీవాట్లు పెడతాం. సుజుకీగారి ఇంట్లో ఎవరూ వాణ్ణి తిట్టకూడదని నిర్ణయించుకున్నారు. దానికి బదులు పెద్దవాళ్ళే తమ నడవడి దిద్దుకున్నారు. బయటికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకరినొకరు మర్యాదగా పలకరించుకోవడం, భోజనం దగ్గర చక్కగా కూర్చోవడం పెద్దవాళ్ళు శ్రద్ధగా పాటించారు. కొన్నేళ్ళకి పిల్లవాడికి అవే వచ్చాయి. పెద్దయ్యాక ఈ కోజి బెర్లిన్ రేడియో సింఫనీ వాద్యబృందంలో ప్రధాన వయొలిన్ స్థానంలో కూర్చున్నాడు.

నన్నడిగితే ఆయన పద్ధతి అంతా ఈ ఒక్క ఇంటి కథలోనే ఉంది. పిల్లవాడు ఏంచేయాలని మనం కోరుకుంటున్నామో అది ముందు మనం చేయాలి. చెప్పడం కాదు, చేయడం. సులువైన పనేం కాదండోయ్.

1946లో మత్సుమోటో అనే కొండల మధ్య ఊరివాళ్ళు సంగీత పాఠశాల పెడదాం రండి అని ఆయన్ని పిలిచారు. ఇప్పటికే వాయించడం వచ్చినవాళ్ళని సరిదిద్దే పని నాకొద్దు, పసిపిల్లలతో మొదలుపెట్టనిస్తే వస్తాను అన్నారాయన. ఒప్పుకున్నారు. యుద్ధంలో చితికిపోయిన దేశం అది. చాలామందికి కడుపునిండా తిండి లేదు. ఆ రోజుల్లో పిల్లల చేతికి ఫిడేలు ఇద్దామన్నవాడూ ఉన్నాడు, సరేనన్న తల్లులూ ఉన్నారు.

ఇక ఆ బడిలో ఏం జరిగేదో చూడండి. తల్లి మూడేళ్ళ పిల్లనో నాలుగేళ్ళ పిల్లవాణ్ణో వెంటబెట్టుకుని వస్తుంది. బిడ్డకి ఫిడేలు ఇవ్వరు. ముందు తల్లికి ఇస్తారు! ఒక పాట పూర్తిగా వాయించడం వచ్చేదాకా తల్లే శిష్యురాలు. అదైనా పెద్ద ఫిడేలు కాదు. బిడ్డ భుజానికి సరిపోయే బుల్లి ఫిడేలు. పదహారో వంతు కొలత అని పిలిచే అతి చిన్నవి కూడా ఉంటాయి. తల్లి దాన్ని గడ్డం కింద ఇరికించుకుని, కమాను వంకరగా లాగుతూ కిర్రు కిర్రుమనిపిస్తూ ఉంటే, బిడ్డ అక్కడే ఆడుకుంటూ, మిగతా పిల్లలు వాయించడం చూస్తూ ఉంటుంది. ఇంట్లో ఆ పాట రికార్డు రోజూ మోగుతూ ఉంటుంది. తల్లి వంటపని అయ్యాక ఆ బుల్లి ఫిడేలు తీసి అదే పాట సాధన చేస్తుంది.

కొన్నాళ్ళకి ఏమవుతుందో పిల్లల్ని పెంచినవాళ్ళం మనకి వేరే చెప్పాలా? మనం చపాతీ వత్తుతుంటే కర్ర లాక్కోని పిల్ల ఎక్కడైనా ఉందా? ముగ్గు వేస్తుంటే డబ్బాలో చెయ్యి పెట్టని పిల్ల ఉందా? "నాకూ ఇవ్వు, నేనూ వాయిస్తాను" అంటూ అమ్మ చేతిలోంచి ఫిడేలు లాక్కుంటుంది. అప్పుడు మాస్టారు బిడ్డని అడుగుతారు, నీకూ నేర్చుకోవాలనుందా, రోజూ సాధన చేస్తావా అని. చేస్తానంటుంది. అక్కడితో పాఠం మొదలు. బలవంతపెట్టి కూర్చోబెట్టిన పిల్ల కాదు, తనంత తాను అడిగి కూర్చున్న పిల్ల. స్వరలిపి చదవడం తర్వాతి మాట. ముందు చెవి, తర్వాతే కాగితం. ఇది మన గురువులు చెప్పే తీరుకి ఎంత దగ్గరో చూడండి.

మొదటి పాట ఏమిటంటారా? మన పిల్లలు కూడా బళ్ళో పాడే ట్వింకిల్ ట్వింకిల్ వరసే. ఆ వరస పుట్టుక ఇంగ్లీషుది కాదు, పాత ఫ్రెంచి వరస. దాని ఫ్రెంచి పేరుకి అర్థం ఏమిటో తెలుసా? అమ్మా నీకు చెప్పనా అని!

రోజుకి ఎంతసేపు సాధన చేయాలని ఎవరో అడిగితే, అన్నం తినే రోజుల్లో చేస్తే చాలునన్నారట సుజుకీగారు. మరో తల్లి, మావాడు పైకొస్తాడా అని అడిగితే, రాడు అని మొహానే చెప్పి, ఆవిడ తెల్లబోయాక, మీవాడు మంచి మనిషి అవుతాడు, అది చాలదా అన్నారట. పిల్లలు తమ వాద్యం టేపుల మీద పట్టించి పంపితే, తెల్లవారుజామునే లేచి కూర్చుని ఒక్కొక్కటే వినేవారు.

1955లో టోక్యోలో పన్నెండు వందల మంది పిల్లలు ఒక్కసారిగా వాయించారు. 1961లో పాబ్లో కాసల్స్ అనే జగత్ప్రసిద్ధ చెల్లో విద్వాంసుడు, అప్పటికి ఎనభై నాలుగేళ్ళ వృద్ధుడు, టోక్యోలో నాలుగు వందల మంది పసిపిల్లల వాద్యం విని కన్నీళ్ళు పెట్టుకుని సుజుకీగారిని కౌగిలించుకున్నాడు. 1958లో ఈ పిల్లల కచేరీ ఫిల్మును అమెరికాలో ఓహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్‌లో వేస్తే అక్కడి మాస్టార్లు నమ్మలేకపోయారు. మరుసటేడు జాన్ కెండాల్ అనే ఆయన స్వయంగా జపాన్ వెళ్ళి చూసొచ్చాడు. 1964లో పదిమంది పిల్లల్ని వెంటబెట్టుకుని సుజుకీగారే అమెరికా వెళ్ళారు. అక్కడితో పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఆయన రాసుకున్న పుస్తకాన్ని ఇంగ్లీషులోకి మార్చింది భార్య వాల్ట్రౌట్‌గారే. 1969లో అచ్చయింది. సుజుకీగారు 1998 జనవరిలో, వందో ఏడు నిండకుండా పోయారు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. కానీ ఆడదానిగా ఒక మాట అనకపోతే నాకు నిద్రపట్టదు. తల్లి నేర్చుకోవాలి, తల్లి సాధన చేయించాలి, తల్లి పాఠం రాసుకోవాలి. తండ్రి ఏమయ్యాడు? ఆనాటి జపాన్‌లో మగవాడు పొద్దున ఆఫీసుకి పోతే రాత్రి వచ్చేవాడు. బిడ్డ భారం తల్లిదే. అందుకని పద్ధతి కూడా ఆవిడ భుజానికే కొలత తీసుకుని కుట్టినట్టయింది. అమెరికాకి వెళ్ళాక ఇబ్బంది బయటపడింది. అక్కడ ఉద్యోగాలు చేసే తల్లులు ఎక్కువ. క్రమంగా తల్లి అనే చోట తల్లి లేక తండ్రి అని, గురువూ బిడ్డా ఇంట్లో పెద్దా కలిస్తే త్రికోణం అని చెప్పుకోసాగారు. పేదవాళ్ళుండే చోట తల్లిదండ్రులు క్లాసులో కూర్చోవడం ఇంకా కష్టం. న్యూయార్క్‌లో ఈస్ట్ హార్లెం అనే పేటలో రోబర్టా గాస్పరీ అనే ఆవిడ 1980ల మొదటినుంచి ప్రభుత్వ బళ్ళల్లో ఫిడేలు నేర్పేవారు. 1991లో డబ్బు లేదని ఆ క్లాసులు ఎత్తేశారు. అప్పుడు ఆవిడతో కలిసి నిలబడినవాళ్ళలో పిల్లల తల్లిదండ్రులూ ఉన్నారు. ఒక సంస్థ పెట్టి క్లాసులు నడిపించుకున్నారు. 1993లో ఆ పిల్లల కోసం కార్నెగీ హాల్లో ఐజాక్ స్టెర్న్, ఇట్జాక్ పెర్ల్‌మన్ లాంటి మహామహులు వచ్చి పిల్లల పక్కన నిలబడి వాయించారు. పిల్లల పక్కన రోజూ కూర్చోలేకపోయినా అవసరానికి నిలబడ్డారు కదా ఆ పెద్దవాళ్ళు.

మన దేశంలో ఇదంతా కొత్తా అంటారేమో. నిజమే, మనకి సంగీతం ఇంట్లోనే పుట్టింది. విజయనగరం సంగీత కళాశాలకి పేరు తెచ్చిన ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి తొలి గురువు సొంత అన్నగారే. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి తల్లి వీణ వాయించేవారు. ఆవిడ బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే పోతే, వేణువు వాయించే తండ్రి పట్టాభిరామయ్యగారు పిల్లవాణ్ణి సంగీతంలోనే పెంచారు. కాకపోతే వాళ్ళవి సంగీతం ఉన్న ఇళ్ళు. మా అమ్మలాంటివాళ్ళ మాటేమిటి? స ప అంటే ఏమిటో తెలియని ఇళ్ళ మాటేమిటి? సుజుకీగారి దగ్గరికొచ్చిన తల్లుల్లో చాలామందికి సంగీతం రాదు. రాకపోయినా పరవాలేదన్నారాయన. మీరూ బిడ్డతో పాటే తప్పులు వాయించండి అన్నారు. అమ్మకి కూడా రాదు, అమ్మ కూడా తంటాలు పడుతోంది, అయినా మానడం లేదు అని బిడ్డ చూడాలన్నమాట.

ఇప్పుడు నా గుండెల్లో పడ్డ రాయి సంగతి. నేను ఆరో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవానికి ప్రార్థన పాడే పిల్లల్లో నన్నూ నిలబెట్టారు. అభ్యాసం చేయిస్తూ పాటల మాస్టారు నా దగ్గరకొచ్చి, "నువ్వు పెదాలు కదుపు చాలు, గొంతు విప్పకు" అన్నారు. ఆ మాస్టారు చెడ్డవారేం కాదు. నేను అలాగే పెదాలు కదిపాను. ఆనాటినుంచి ఇవాళ్టివరకూ పెదాలు కదుపుతూనే ఉన్నాను. పేరంటంలో హారతి పాటంటే కుంకుమభరిణ తెస్తానని లోపలికి జారుకుంటాను. మైకు ముందు కూర్చుని మీ అందరితో ఇంత ధైర్యంగా మాట్లాడే మనిషిని, పిల్లలకి జోలపాట కూడా చెవిలో గొణిగి పాడాను.

ఆ శనివారం వెళ్ళాను. బడిలో కిందిగదిలో చాపలు పరిచి ఉన్నాయి. తల్లులు పదకొండుమంది, తండ్రులు ఇద్దరు, ఒక తాతగారు. టీచరమ్మ శ్రుతిపెట్టె వేసి, "పెద్దవాళ్ళు కూడా అనాలండీ" అంది. స అంది. పిల్లలు అందుకున్నారు. మేం పెద్దవాళ్ళం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నేను అలవాటు ప్రకారం పెదాలు కదిపాను.

మా చిన్నది నా వైపు తిరిగి, నా నోటి దగ్గర చెవి పెట్టి, "అమ్మా, నీకు సౌండు రావట్లేదు" అంది, అందరికీ వినపడేలా. తాతగారు పకపక నవ్వారు. ఇక దాక్కోవడానికి చోటేదీ? గొంతు విప్పాను. వచ్చింది సయో రియో నాకు తెలియదు గానీ ఏదో వచ్చింది. పిల్ల నా మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టింది.

రెండు శనివారాలు అయ్యాయి. ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక మొదటి వరస ఇద్దరం అంటున్నాం. నిన్న నేను గిన్నెలు సర్దుతూ అంటుంటే ముందుగదిలోంచి దాని కేక: "దా తగ్గిందమ్మా, మళ్ళీ అను!" అని. చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ కేక అది ఎక్కడ నేర్చుకుందో, మా అమ్మని అది చూడనైనా లేదు.

వచ్చే శనివారం ఇదే వేళకి నాకు రేడియో స్టేషనులో రికార్డింగు ఉంది. చీటీలో అమ్మ గానీ నాన్న గానీ అని ఉంది కదా. మావారికి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నాకు గొంతెక్కడిదోయ్?" అన్నారు. చాప మీద చోటుందని మాత్రం చెప్పాను.